చెన్నై – సింగపూర్: దూరం ఎంత, ప్రయాణ కాలం ఎంత

చెన్నై విమానాశ్రయం నుంచి సింగపూర్‌లోని చాంగి విమానాశ్రయానికి ఆకాశమార్గంలో దూరం సుమారు 2,920 కిలోమీటర్లు. మైళ్లలో చెప్పాలంటే 1,815. విమాన చోదకులు వాడే నౌకా మైళ్లలో దాదాపు 1,577. మధ్యలో ఎక్కడా దిగని విమానం ఈ దూరాన్ని నాలుగు గంటలకు కొంచెం పైగా, నాలుగున్నర గంటల లోపుగా దాటుతుంది. సింగపూర్ గడియారం భారతదేశపు గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది.

అడిగినవారికి చెప్పడానికి ఈ మూడు అంకెలు చాలు. ప్రయాణం కట్టేవారికి మాత్రం చాలవు. సరిహద్దు జిల్లాల నుంచి పిల్లలను చదువుకో, ఉద్యోగానికో సింగపూర్ పంపిన కుటుంబాలు పొరపాటు పడేది దూరం తెలియక కాదు. టికెట్టు మీద అచ్చయిన వేళలను తప్పుగా చదవడం వలన, అర్ధరాత్రి దాటిన తేదీని ముందురోజు తేదీగా భావించడం వలన, అన్నింటికంటే ఎక్కువగా ‘మనకు మద్రాసే దగ్గర’ అనే పాత అలవాటు వలన. ఈ అలవాటుకు మూలం విమానాల కాలంలో లేదు, ఓడల కాలంలో ఉంది.

ఓడల నాటి మాట

ఇరవయ్యవ శతాబ్దంలో ఎక్కువ కాలం దక్షిణ భారతం నుంచి మలయా, సింగపూర్‌లకు పోయేవారికి మద్రాసు రేవే వాకిలి. 1926లో నిర్మించిన ‘రజులా’ అనే ఓడ మద్రాసులో బయలుదేరి, నాగపట్నంలో మరికొందరిని ఎక్కించుకొని, పినాంగు మీదుగా సింగపూర్ చేరేది. ప్రయాణం సుమారు వారం రోజులు. 1970 దశకం తొలి సంవత్సరాల వరకు ఆ ఓడ నడిచింది. దాని తరువాత ‘చిదంబరం’ అనే ఓడ అదే మార్గంలో తిరిగింది. 1985 ఫిబ్రవరిలో ప్రయాణంలో ఉండగానే దానిలో అగ్నిప్రమాదం సంభవించి పలువురు మరణించారు. దానితో ఆ మార్గంలో ప్రయాణికుల ఓడల కథ ముగిసింది.

విమానం అంతకు చాలా ముందే వచ్చింది. 1954లోనే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ సంస్థ సింగపూర్‌కు సర్వీసు ప్రారంభించింది. అయితే సామాన్యుని చేతికి అందని ఛార్జీల వలన ఓడ చాలాకాలం పోటీలో నిలిచింది. సింగపూర్‌లో స్థిరపడిన తెలుగువారు 1975లో తమ సమాజాన్ని ఏర్పరచుకొనే నాటికి కూడా స్వదేశ ప్రయాణం అంటే ‘మద్రాసు పోవడమే’. హోసూరు వారైనా, బరంపురం వారైనా, యానాం వారైనా ముందు మద్రాసు చేరవలసిందే. అప్పుడది సరైన లెక్క. ఇప్పుడు కాదు.

దూరాన్ని కొలిచే తీరు

పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత విమానం నడిచే దారి కాదు. భూమి గుండ్రనిది గనుక, దాని ఉపరితలం మీద రెండు స్థలాల నడుమ అతి తక్కువ దూరం ఒక వృత్తపు చాపంగా ఉంటుంది. ఢిల్లీ నుంచి అమెరికా పోయే విమానం ఉత్తర ధ్రువం వైపు వంగి పోవడానికి ఇదే కారణం. చెన్నై, సింగపూర్‌లు రెండూ భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున ఇక్కడ ఆ వంపు చాలా స్వల్పం. పటం మీది గీతకు, అసలు దారికి పెద్ద తేడా కనిపించదు. చెన్నై ఉత్తర అక్షాంశం దాదాపు 13 డిగ్రీలు. సింగపూర్‌ది ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు. తూర్పుగా పోవలసిన రేఖాంశాలు దాదాపు 24.

ఆ గీత వెంబడి చూస్తే దారి అంతా దాదాపు నీళ్ల మీదనే. చెన్నై తీరం దాటగానే బంగాళాఖాతం మొదలవుతుంది. సగం దారి దాటిన కొద్దిసేపటికి గ్రేట్ నికోబార్ ద్వీపపు దక్షిణపు కొస సమీపిస్తుంది. భారతదేశపు నేల అక్కడితో సరి. ఆ తరువాత సుమత్రా దీవి ఉత్తర కొస, మలక్కా జలసంధి, చివరికి సింగపూర్. విమానాలు నిర్ణీత వాయుమార్గాలలో నడుస్తాయి గనుక నిజంగా ఎగిరే దూరం 2,920 కిలోమీటర్ల కంటే కొంత ఎక్కువగానే ఉంటుంది. వాతావరణం బాగా లేనినాడు మరికొంత చుట్టు తిరగవలసి వస్తుంది.

గంటల లెక్క

ఈ మార్గంలో సాధారణంగా కనిపించే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 తరగతి విమానాలు ఎత్తుకు చేరిన తరువాత గంటకు సుమారు 840 కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఆ వేగంతో 2,920 కిలోమీటర్లకు మూడున్నర గంటలు చాలు. మిగిలిన సమయం ఎక్కడ పోతున్నది? పైకి లేచేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువ. దిగవలసిన చోట వరుసలో నిలిచి తమ వంతు కోసం ఆకాశంలో ఆగవలసి రావచ్చు. పైగా టికెట్టు మీద చూపే ప్రయాణ కాలం విమానం గాలిలో ఉన్న కాలం కాదు. చెన్నైలో నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు సింగపూర్‌లో నిలిచే చోటుకు చేరే క్షణం వరకు గల కాలం. రన్‌వే దాకా నేల మీద పోయే పది పదిహేను నిమిషాలు రెండు వైపులా అందులోనే కలిసి ఉంటాయి.

గాలి మాట కూడా చెప్పవలసి ఉన్నది. గల్ఫ్ దేశాలకు పోయి వచ్చేవారికి ఒక అనుభవం ఉంటుంది: హైదరాబాదు నుంచి దుబాయి పోయేటప్పుడు ఎక్కువ సేపు, వచ్చేటప్పుడు తక్కువ సేపు పడుతుంది. తేడా అర్ధగంట దాకా ఉండవచ్చు. అక్కడి ఎగువ ఆకాశంలో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు బలంగా గాలి వీయడమే దీనికి కారణం. ఆ అనుభవంతో సింగపూర్ విషయంలోనూ ‘తూర్పుకు పోవడమే తొందర’ అనుకుంటే లెక్క తప్పుతుంది. నైరుతి ఋతుపవనాల నెలలలో, అనగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు, దక్షిణ భారతం మీద ఎంతో ఎత్తున గాలి తూర్పు నుంచి పడమరకు ప్రవాహంగా వీస్తుంది. కింద నేల మీద పడమటి గాలి వానలు తెస్తుండగా పైన సరిగ్గా దానికి ఎదురు దిక్కున ఈ ప్రవాహం సాగుతుంది. దీని కేంద్రం దాదాపు చెన్నై అక్షాంశాల మీదుగానే, 14 కిలోమీటర్లకు పైబడిన ఎత్తులో ఉంటుంది. విమానాలు ఎగిరేది 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున గనుక ప్రవాహపు దిగువ అంచు వాటికి తగులుతుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెన్నుగాలి.

ఈ ఉష్ణమండల తూర్పు ప్రవాహాన్ని శాస్త్రలోకానికి వివరంగా చూపినవారు పంచేటి కోటేశ్వరం. 1958లో ప్రచురితమైన ఆయన పరిశోధన వ్యాసం ఋతుపవనాల అధ్యయనంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. తరువాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేశారు. సింగపూర్ విమానం ఎక్కే ప్రయాణికునికి ఆ పేరు తెలియకపోయినా, ఆయన వర్ణించిన గాలి మాత్రం తగులుతుంది.

రెండు గడియారాలు, ఒక టికెట్టు

టికెట్టు మీద బయలుదేరే వేళ బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే వేళ చేరే ఊరి గడియారం ప్రకారం అచ్చవుతాయి. ఇది ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. తేడాను ఒక ఉదాహరణతో చూడవచ్చు. చెన్నైలో రాత్రి 23:15కు బయలుదేరి, సింగపూర్‌లో తెల్లవారి 06:05కు చేరే విమానం ఉన్నదనుకుందాం. చూపుకు 6 గంటల 50 నిమిషాలు. అందులో గడియారాల తేడా రెండున్నర గంటలు తీసివేస్తే అసలు ప్రయాణం 4 గంటల 20 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో సింగపూర్‌లో 20:00కు బయలుదేరి చెన్నైకి 21:40కి చేరుతుంది. చూపుకు ఒక గంట 40 నిమిషాలే! దానికి రెండున్నర గంటలు కలిపితే 4 గంటల 10 నిమిషాలు. పోయేటప్పుడు తీసివేయాలి, వచ్చేటప్పుడు కలపాలి, లెక్క ఇంతే. ‘పోవడానికి ఏడు గంటలు, రావడానికి రెండు గంటలా?’ అని టికెట్టు తెచ్చినవారిని నిలదీసిన పెద్దలు చాలా ఇళ్లలో ఉన్నారు.

ఈ రెండున్నర గంటల తేడా ప్రకృతి నిర్ణయించినది కాదు. సూర్యుని లెక్కలో ఒక రేఖాంశానికి నాలుగు నిమిషాలు. చెన్నైకీ సింగపూర్‌కీ నడుమ 24 రేఖాంశాలు గనుక తేడా 96 నిమిషాలు, అనగా గంటన్నరకు కొంచెం ఎక్కువ. మిగిలిన 54 నిమిషాలు పరిపాలకులు పెట్టినవి. భారత కాలమానానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ యానాం, కాకినాడలకు కొద్ది తూర్పుగా పోతుంది. చెన్నై దానికి తొమ్మిది నిమిషాలంత దూరంలోనే ఉన్నది. సింగపూర్ మాత్రం తన సూర్యుని కంటే గంటకు పైగా ముందున్న గడియారాన్ని వాడుతున్నది. 1981 వరకు అక్కడి సమయం అంత ముందుండేది కాదు; భారతదేశంతో తేడా రెండు గంటలే. మలేసియాతో పాటు 1982 జనవరి 1 నుంచి గడియారాన్ని మరో అర్ధగంట ముందుకు జరుపుకొన్నారు. ఆనాటి ముందు అక్కడ ఉండి వచ్చిన వృద్ధులు ‘రెండు గంటలే తేడా’ అని గట్టిగా వాదిస్తే అది మతిమరుపు కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను ఆక్రమణ కింద ఉన్న 1942 – 45 నడుమ అయితే సింగపూర్ గడియారం టోక్యో వేళనే చూపింది.

దీని ఫలితం ప్రయాణికునికి కంటికి కనిపిస్తుంది. ఆరు గంటలకు దిగినా సింగపూర్‌లో ఇంకా చీకటిగానే ఉంటుంది. సూర్యోదయం సుమారు ఏడు గంటలకు. ఒంటికి మాత్రం అది ఇంటి దగ్గరి మూడున్నర జాము.

శనివారం రాత్రి అంటే ఏ రాత్రి?

అన్నింటికంటే ఖరీదైన పొరపాటు ఇది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. శనివారం రాత్రి ఒంటి గంట అంటే శనివారం పగలు గడిచిన తరువాత వచ్చే రాత్రి అని పల్లెల్లో అందరికీ అర్థం. విమాన సంస్థ లెక్క వేరు. దాని తేదీ అర్ధరాత్రి మారుతుంది. టికెట్టు మీద 15వ తేదీ శనివారం 01:00 అని ఉంటే, అది 14వ తేదీ శుక్రవారం రాత్రి భోజనం చేసి బయలుదేరవలసిన ప్రయాణం. శనివారం పగలంతా సామాను సర్ది, రాత్రి తీరుబడిగా విమానాశ్రయం చేరేసరికి విమానం పోయి దాదాపు ఒక దినం అవుతుంది. తక్కువ ధర టికెట్టు అయితే ఆ సొమ్ము చాలావరకు తిరిగి రాదు.

మన ఊళ్ల నుంచి తూర్పు దేశాలకు పోయే విమానాలు చాలావరకు రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము రెండు మూడు గంటల నడుమ బయలుదేరుతాయి గనుక ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. టికెట్టు చేతికి రాగానే దాని మీది వేళలో నుంచి నాలుగు గంటలు వెనక్కు లెక్కించి, ‘ఫలానా వారం ఫలానా వేళకు విమానాశ్రయం తలుపు దగ్గర’ అని తెలుగులో రాసి గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొనే ఇళ్లు ఉన్నాయి. ఇంతకంటే మంచి ఉపాయం మరొకటి లేదు. విదేశీ ప్రయాణానికి కౌంటర్లు సాధారణంగా మూడు గంటల ముందు తెరచి, ఒక గంట ముందు మూసివేస్తారు. ఆ తరువాత విమానం కళ్ల ముందే నిలిచి ఉన్నా ఎక్కనివ్వరు. ఇక సింగపూర్‌లో అడుగు పెట్టడానికి ముందు మూడు రోజుల లోపు ఇంటర్నెట్‌లో నింపవలసిన రాక పత్రం ఒకటి ఉన్నది. ప్రభుత్వ స్థలంలో అది ఉచితం. దానికి రుసుము అడిగే చోట్లకు దూరంగా ఉండాలి. వీసా దానికి వేరు.

ఇంటి నుంచి ఇంటికి

అసలు చిక్కు ఏ విమానాశ్రయం అన్నదే. సింగపూర్ నుంచి చెన్నైకి 2,920 కిలోమీటర్లు, బెంగళూరుకు సుమారు 3,180. ఈ రెండు అంకెలే చూసిన హోసూరు కుటుంబం చెన్నై దగ్గర అనుకుంటుంది. తేడా 260 కిలోమీటర్లు. కాని ఆకాశంలో 260 కిలోమీటర్లు అంటే ఇరవై నిమిషాలు, మహా అయితే ఇరవై అయిదు. నేల మీద హోసూరు నుంచి చెన్నై 300 కిలోమీటర్లకు పైబడిన దారి. దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం 80 కిలోమీటర్ల లోపు.

మామూలు రోజులలో ఈ తేడా అలసటతో పోతుంది. కొన్ని రోజులలో అలా పోదు. ఇంట్లో పెద్దవారు రాత్రి ఎనిమిది గంటలకు కన్నుమూశారని, సింగపూర్‌లో ఉన్న కొడుక్కి ఫోను పోయిందని అనుకుందాం. అక్కడ అప్పటికి రాత్రి పదిన్నర. దొరికిన మొదటి విమానం మరునాడు ఉదయం 8:00కు అనుకుంటే, చెన్నైలో దిగేది మన వేళ ప్రకారం 9:40కి. ఇమిగ్రేషన్ ముగించి బయటపడేసరికి పదిన్నర. అక్కడి నుంచి కారులో ఆరు గంటలు. హోసూరు ఇంటి ముందు దిగేది సాయంత్రం నాలుగున్నరకు. అదే వేళకు బయలుదేరి బెంగళూరులో దిగితే 10:05; బయటపడేసరికి 11 గంటలు; నగరం రద్దీని దాటి రెండున్నర గంటలలో ఇల్లు. మధ్యాహ్నం ఒంటి గంటన్నర. సూర్యాస్తమయం లోపు దహనం జరగాలని పట్టుబట్టే ఇళ్లలో చివరి చూపు దక్కడం, దక్కకపోవడం ఆ మూడు గంటల మీద ఆధారపడి ఉంటుంది. అటువంటి వేళ ఇంటివారు చేయవలసిన పని, ఏ విమానాశ్రయానికి రావాలో కొడుక్కి వెంటనే స్పష్టంగా చెప్పడం. దూరదేశంలో కంగారులో ఉన్నవానికి ‘మద్రాసుకు వచ్చేయ్’ అన్న ఒక్క మాట చాలు తప్పుదారి పట్టించడానికి.

2008 మే నెలకు ముందు హోసూరు వారికి ఇంకా సుఖంగా ఉండేది. అప్పటి పాత విమానాశ్రయం నగరానికి తూర్పు దక్షిణ దిక్కున ఉండేది. దేవనహళ్లికి మారినప్పుడు హోసూరుకు దూరమైనది బాగేపల్లికి దగ్గరయింది. కర్ణాటకలోని ఆ తెలుగు ప్రాంతం వారు ఇప్పుడు నగరంలో అడుగు పెట్టకుండానే విమానాశ్రయం చేరుతున్నారు. తిరుత్తణి, గుడియాత్తం వైపు వారికి మాత్రం పాత అలవాటే సరైన లెక్క; వారికి చెన్నైని మించిన దారి లేదు.

ఉత్తర సరిహద్దున లెక్క మరీ విచిత్రం. విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు దూరం సుమారు 2,910 కిలోమీటర్లు. చెన్నైతో పోల్చితే దాదాపు సమానం, పది కిలోమీటర్లు తక్కువ కూడా. పటం మీద అంత ఉత్తరంగా కనిపించే ఊరు అంతే దూరంలో ఉండడానికి కారణం అది తూర్పుకు కూడా జరిగి ఉండడమే. 2011లో సిల్క్ ఎయిర్ సంస్థ విశాఖ నుంచి సింగపూర్‌కు నేరు సర్వీసు ప్రారంభించగా, తరువాత స్కూట్ దానిని చేపట్టింది. బరంపురం నుంచి విశాఖ రైలులో 280 కిలోమీటర్ల లోపు. చెన్నై వెయ్యి కిలోమీటర్లకు పైన, అనగా ఒక రాత్రి, ఒక పగలు. పర్లాకిమిడి, రాయగడల వారికీ, యానాం వారికీ ఇదే వర్తిస్తుంది. అయితే విశాఖ నుంచి విమానాలు తక్కువ గనుక ఆ రోజున సర్వీసు ఉన్నదో లేదో ముందు చూసుకోవాలి. చెన్నైలో ఒక విమానం తప్పితే మరొకటి దొరుకుతుంది. చిన్న విమానాశ్రయంలో తప్పితే మరునాటి దాకా, ఒక్కొక్కసారి అంతకు మించి ఆగవలసి రావచ్చు.

మహారాష్ట్రలో షోలాపూర్ తెలుగువారు రాష్ట్ర రాజధాని గదా అని ముంబయికి పోతే రెండు విధాలా నష్టపోతారు. సింగపూర్ నుంచి ముంబయి సుమారు 3,920 కిలోమీటర్లు, హైదరాబాదు 3,310. ఆకాశంలో 600 కిలోమీటర్లు అదనం. నేల మీద కూడా హైదరాబాదే దగ్గర. ముంబయి ప్రయాణం అయిదు గంటలు దాటుతుంది. హైదరాబాదుకు నాలుగున్నర గంటల పైచిలుకు. సిరోంచ వారికి ఈ సందేహమే రాదు.

ఎదురు వెళ్లి తీసుకురావడానికి పోయేవారికి ఒక మాట. టికెట్టు మీది చేరే వేళ విమానం ఆగే వేళ మాత్రమే. ఇమిగ్రేషన్ వరుస, సామాను బెల్టు, కస్టమ్స్ తలుపు దాటి మనిషి బయటకు రావడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. రెండు మూడు విమానాలు ఒకేసారి దిగినప్పుడు ఇంకా ఎక్కువ. 21:40కి చేరే విమానానికి వాహనం 22:30కు సిద్ధంగా ఉంటే చాలు.